మూడు పౌండ్ల వీరులు

మెల్‌బోర్న్ క్రికెట్ మైదానం మనకు కొత్త కాదు. క్రిస్మస్ మరునాడు మొదలయ్యే టెస్టు కోసం తెల్లవారకముందే లేచి, దుప్పటి కప్పుకుని టీవీ ముందు కూర్చున్నవాళ్లం చాలామందిమి ఉన్నాం. కానీ ఒక ఆట చూడటానికి ఆ మైదానానికి అత్యధికంగా జనం తరలివచ్చిన రోజు క్రికెట్‌ది కాదు. 1970 సెప్టెంబరు 26న కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ జట్లు తలపడిన ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ గ్రాండ్ ఫైనల్‌కు 1,21,696 మంది వచ్చారు. విరామ సమయానికి 44 పాయింట్లు వెనకబడిన కార్ల్‌టన్, చివరికి 10 పాయింట్ల తేడాతో గెలిచింది. ఆ ఆటను అక్కడి తాతలు మనవలకు ఇప్పటికీ కథగా చెబుతారు.

అదే ఏడాది సీజన్ మొదలుకాకముందు జరిగిన సంగతి మాత్రం అంతగా చెప్పుకోరు. కాలింగ్‌వుడ్ సారథి డెస్ టడెన్‌హామ్, ఉపసారథి లెన్ థాంప్సన్ సాధనకు రావడం మానేశారు. పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి కొత్తగా తెచ్చుకుంటున్న ఆటగాడికి క్లబ్బు పెద్ద మొత్తం ఇస్తోందని, ఏళ్ల తరబడి చెమటోడ్చిన తమకు మాత్రం చిల్లర విదిలిస్తోందని వాళ్ల బాధ. కొద్దిరోజులకు ఇద్దరూ తిరిగొచ్చారు గానీ పదవులు పోయాయి. ఇంకోవైపు ఎసెండన్ క్లబ్బులో ఐదుగురు ఆటగాళ్లు సరైన డబ్బు ఇవ్వకపోతే తొలి మ్యాచ్ ఆడబోమని కూర్చున్నారు.

లక్షమందికి పైగా జనాన్ని రప్పించే ఆటలో, ఒక పెద్ద జట్టు సారథి సమ్మె చేయాల్సిన గతి ఎందుకు పట్టింది? పాతతరం ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాలర్ల గురించి చదివేటప్పుడు నన్ను విడవకుండా వెంటాడిన ప్రశ్న ఇది. గోల్స్ లెక్కలు, పతకాలు, ఒకే జెర్సీలో పదిహేనేళ్లు ఆడిన విధేయత, వీటి గురించి ఎంతో రాశారు. ఆ విధేయత ఎంతవరకు మనసులోంచి వచ్చింది, ఎంతవరకు నిబంధనల పుస్తకంలోంచి వచ్చింది అన్నది విడదీసి చూడటం అంత సులువు కాదు.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. ఇది మనం ఫుట్‌బాల్ అనే ఆట కాదు, రగ్బీ కూడా కాదు. క్రికెట్ ఆడే అండాకారపు మైదానంలోనే, జట్టుకు 18 మందితో, కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడతారు. బంతిని తన్నవచ్చు, పిడికిలితో గుద్ది అందించవచ్చు, విసరకూడదు. గాల్లోకి లేచి, ఒక్కోసారి ఎదుటివాడి భుజాల మీద మోకాళ్లు ఆనించి, బంతి పట్టుకోవడాన్ని మార్క్ అంటారు. చివర నాలుగు స్తంభాలుంటాయి. నడిమి రెండింటి మధ్య తన్నితే ఆరు పాయింట్లు, పక్కన పడితే ఒకటి. ఈ ఆట క్రికెట్ ఇంట్లోనే పుట్టింది. చలికాలంలో క్రికెటర్ల ఒళ్లు మొద్దుబారకుండా ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకుందామని 1858 జులైలో టామ్ విల్స్ అనే క్రికెటర్ ఒక పత్రికకు ఉత్తరం రాశారు. మరుసటి ఏడాది మేలో ఆయనా, మెల్‌బోర్న్ క్లబ్బులోని మరికొందరూ కూర్చుని నియమాలు రాసుకున్నారు.

అలా పెద్దమనుషుల కాలక్షేపంగా మొదలైన ఆట త్వరలోనే తోళ్ల కర్మాగారాల, చెప్పుల కర్మాగారాల పేటలకు పాకింది. కాలింగ్‌వుడ్, రిచ్‌మండ్, ఫిట్జ్‌రాయ్, ఫుట్‌స్క్రే అన్నవి మొదట క్లబ్బుల పేర్లు కావు, కార్మికవాడల పేర్లు. 1897లో ఎనిమిది క్లబ్బులతో విక్టోరియా ఫుట్‌బాల్ లీగ్ తొలి సీజన్ ఆడింది. ఆటగాళ్లకు డబ్బివ్వడం అప్పట్లో నిషేధం, అయినా గుట్టుచప్పుడు కాకుండా చేతులు మారేది. 1911లో లీగ్ ఈ నాటకం మానేసి చెల్లింపులను చట్టబద్ధం చేసింది. డబ్బు ముట్టకూడదన్న పట్టుదలతో ఆడిన జట్టు యూనివర్సిటీ. చదువుకుంటున్నవాళ్లు, చదువు ముగించినవాళ్లు ఉన్న ఆ జట్టు చివరి 51 మ్యాచ్‌లు వరుసగా ఓడిపోయి 1914 తర్వాత లీగ్ నుంచి వైదొలగింది. ఆ జట్టుకు ఆడిన రూపర్ట్ బాల్ఫ్ మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 ఏప్రిల్ 25న, టర్కీలోని గల్లిపోలీ తీరంలో దిగిన మొదటి రోజే చనిపోయారు. యుద్ధం మధ్యలో, 1916లో లీగ్‌లో నాలుగే జట్లు మిగిలాయి. ఆ ఏడు ఫిట్జ్‌రాయ్ పట్టికలో అట్టడుగున నిలిచి కూడా, సీజన్ చివర టైటిల్ కోసం జరిగే ఫైనల్స్ పోటీల్లో ఎదురైన జట్లన్నిటినీ ఓడించి టైటిల్ గెలిచింది. అలాంటి టైటిల్‌కు సంబరం ఎలా చేసుకున్నారో ఊహించడం కష్టం.

అసలు ముడి 1930లో పడింది. మెల్‌బోర్న్ క్లబ్బు ప్రతినిధి గోర్డన్ కోల్టర్ ప్రతిపాదించిన నిబంధన ఒకటి లీగ్‌లో అమల్లోకి వచ్చింది. ఆయన పేరుతోనే దాన్ని కోల్టర్ చట్టం అన్నారు. సారాంశం ఇది: ఏ ఆటగాడికైనా మ్యాచ్‌కు మూడు పౌండ్లకు మించి ఇవ్వకూడదు. చేరినందుకు బహుమానంగా పెద్ద మొత్తాలు ముట్టజెప్పకూడదు. డబ్బున్న క్లబ్బులు మంచి ఆటగాళ్లందరినీ కొనేయకుండా ఆపడమే దీని ఉద్దేశమని చెప్పుకున్నారు. ఆ ఉద్దేశంలో న్యాయం లేదనను. కానీ పరిమితి పడింది ఆటగాడి జేబుకే గానీ ప్రవేశ టిక్కెట్ల వసూళ్లకు కాదు.

ఈ చట్టానికి తొలి దెబ్బ తిన్నది ఆ తరంలోకెల్లా గొప్ప ఆటగాడే. ఆల్బరీ పట్టణానికి చెందిన హేడన్ బంటన్ కోసం క్లబ్బులన్నీ పోటీపడ్డాయి. ఫిట్జ్‌రాయ్ ఆయనకు 222 పౌండ్లు ఇవ్వజూపిందని బయటపడింది. దాంతో 1930 సీజన్ మొత్తం లీగ్‌లో ఆయన కాలు పెట్టలేకపోయారు. 1931లో వచ్చారు. వచ్చిన ఏడాదే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం గెలిచారు. 1932లో మళ్లీ, 1935లో మళ్లీ. తర్వాత పశ్చిమ ఆస్ట్రేలియా వెళ్లి అక్కడి అత్యున్నత పతకం శాండోవర్ కూడా మూడుసార్లు అందుకున్నారు.

మూడు పౌండ్లు అప్పట్లో మరీ తీసిపారేసే మొత్తం కాదన్నది కూడా చెప్పాలి. ఆర్థికమాంద్యం ముదిరిన 1932 నాటికి ఆస్ట్రేలియాలో కార్మిక సంఘాల సభ్యుల్లో దాదాపు 30 శాతం మందికి పని లేదు. అలాంటి రోజుల్లో ఆటగాడికి కావలసింది డబ్బుకన్నా ఎక్కువగా ఉద్యోగం. క్లబ్బులు ఆ సందు పట్టుకున్నాయి. సౌత్ మెల్‌బోర్న్ అధ్యక్షుడు ఆర్చీ క్రాఫ్ట్స్‌కు వరుస కిరాణా దుకాణాలుండేవి. ఇతర రాష్ట్రాల నుంచి మంచి ఆటగాళ్లను పిలిచి, ఆ దుకాణాల్లో పని ఇప్పించి, శనివారం మైదానంలోకి దింపేవారు. మ్యాచ్‌కు ముట్టేది మూడు పౌండ్లే కాబట్టి చట్టం చెక్కుచెదరలేదు. పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి ఎక్కువమంది రావడంతో, ఆ రాష్ట్రపు నల్లహంస గుర్తుకొచ్చేలా జట్టుకు హంసలు అనే పేరు స్థిరపడింది. నేటి సిడ్నీ స్వాన్స్ పేరుకు మూలం అదే. 1933లో టైటిల్ గెలిచారు. తర్వాత మూడేళ్లూ ఫైనల్ చేరి ఓడిపోయారు.

ఆ జట్టులో బాబ్ ప్రాట్ అనే గోల్‌వీరుడు ఉండేవారు. 1934లో ఒక్క సీజన్‌లో 150 గోల్స్ కొట్టారు. 1971లో పీటర్ హడ్సన్ దాన్ని సమం చేశారు గానీ ఇప్పటివరకు ఎవరూ దాటలేదు. 1935 గ్రాండ్ ఫైనల్‌కు రెండు రోజుల ముందు ప్రాట్ ట్రామ్ దిగుతుండగా ఇటుకల లారీ ఒకటి గుద్దింది. ఆ లారీ డ్రైవరు సౌత్ మెల్‌బోర్న్ అభిమానే. ప్రాట్ ఆడలేకపోయారు, జట్టు కాలింగ్‌వుడ్ చేతిలో ఓడింది. విచిత్రమైన ప్రమాదంగా దీన్ని చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇందులో కనిపించేది ఆ ట్రామ్. దేశంలోనే పేరుమోసిన గోల్‌వీరుడు, ఫైనల్ ముంగిట, అందరిలాగే ట్రామ్‌లో తిరుగుతున్నారు. వారంలో రెండు సాయంత్రాలు పని దిగాక సాధన, శనివారం మధ్యాహ్నం మ్యాచ్, సోమవారం మళ్లీ పని. రిచ్‌మండ్ తరఫున 312 మ్యాచ్‌లు ఆడి, దెబ్బకు భయపడని తత్వంతో ‘కెప్టెన్ బ్లడ్’ అనిపించుకున్న జాక్ డయర్ పోలీసు ఉద్యోగి. పేటలో జనం ఆయన్ను మైదానంలో ఎంత చూశారో బీటులో అంత చూశారు. ఆటగాడికీ అభిమానికీ మధ్య గోడ లేకపోవడం ఆ కాలపు అందం. ఆ అందానికి మూల్యం చెల్లించింది ఆటగాళ్లే అన్నది నా అభిప్రాయం.

డబ్బు చాలకపోతే వేరే క్లబ్బుకు వెళ్లొచ్చు కదా? వెళ్లలేరు. ఇదే ఆ ముడిలో రెండో పోగు. 1915 నుంచి మెల్‌బోర్న్ నగరాన్ని మండలాలుగా పంచారు. నీ ఇల్లు ఏ క్లబ్బు మండలంలో ఉంటే నువ్వు ఆ క్లబ్బుకే ఆడాలి. మారాలంటే పాత క్లబ్బు అనుమతిపత్రం రాసివ్వాలి. అది ఇవ్వకపోతే, ఆటగాడు ఎంతటివాడైనా ఇంట్లో కూర్చోవలసిందే. పుట్టిన వీధి ఒక మనిషి వృత్తిజీవితాన్ని నిర్ణయించేది.

దీనికి ఎదురుతిరిగినవాళ్లకు ఒకే దారి ఉండేది. విక్టోరియా ఫుట్‌బాల్ అసోసియేషన్ అనే పాత సంస్థ 1938లో లీగ్‌తో తెగతెంపులు చేసుకుని, అనుమతిపత్రాలను పట్టించుకోవడం మానేసింది. 1938లో 120, 1939లో 121 గోల్స్ కొట్టిన కాలింగ్‌వుడ్ ఆటగాడు రాన్ టాడ్‌కు అసోసియేషన్ క్లబ్బు విలియమ్స్‌టౌన్ 500 పౌండ్లు ఇస్తామంది. కాలింగ్‌వుడ్‌లో ఎంతటివాడైనా అందరితో సమానంగా మూడు పౌండ్లే. టాడ్ వెళ్లిపోయారు. 1945లో ఒకే సీజన్‌లో 188 గోల్స్ కొట్టారు. కానీ అవి లీగ్ లెక్కల్లోకి రావు. పెద్ద మైదానంలో ఆయన పేరు మళ్లీ వినబడలేదు. ద్రోహి అన్నవాళ్లున్నారు. కుటుంబం గడవాల్సిన మనిషి, తన ఒంట్లో సత్తా ఉన్న నాలుగేళ్లలో దానికి దక్కాల్సిన వెల అడగడం ద్రోహమెలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఇంకో పక్క చూడండి. సౌత్ మెల్‌బోర్న్‌లోనే 1956 నుంచి 1971 వరకు ఆడిన బాబ్ స్కిల్టన్ మూడుసార్లు బ్రౌన్‌లో పతకం గెలిచారు. బలహీనమైన జట్టు కావడంతో అంత జీవితంలో ఆయన ఆడిన ఫైనల్స్ మ్యాచ్ ఒక్కటే, 1970లో. గ్రాండ్ ఫైనల్ ఎన్నడూ ఆడలేదు. ఆయన క్లబ్బును ప్రేమించలేదని ఎవరూ అనలేరు. అయితే తలుపు గడియ బయటివైపు ఉన్న ఇంట్లో ఎవరు ఇష్టపడి ఉన్నారో, ఎవరు తప్పక ఉన్నారో బయటినుంచి తేల్చలేం.

మండలాల కట్టుబాటును వంచిన సందర్భం ఒకటి ఉంది, అది తల్చుకుంటే మనసు బరువెక్కుతుంది. మెల్‌బోర్న్ క్లబ్బు తరఫున 1940 టైటిల్ జట్టులో ఆడిన రాన్ బరాసీ మరుసటి ఏడాది లిబియాలోని టోబ్రుక్‌లో యుద్ధంలో చనిపోయారు. కొడుక్కి అప్పుడు ఐదేళ్లు, పేరు అదే. పిల్లవాడు పెరిగాక, ఇల్లున్న చోటును బట్టి వేరే క్లబ్బుకు చెందాలి. మాజీ ఆటగాడి కొడుకు తండ్రి క్లబ్బుకు ఆడవచ్చన్న వెసులుబాటు ఆయన్ను మెల్‌బోర్న్‌కు చేర్చింది. తల్లి మళ్లీ పెళ్లిచేసుకుని టాస్మేనియా వెళ్లగా, తండ్రికి స్నేహితుడైన శిక్షకుడు నార్మ్ స్మిత్ ఇంట్లో ఉండి పెరిగారు. తండ్రి వేసుకున్న 31వ నంబరు జెర్సీతో ఆరు టైటిళ్లు గెలిచారు. అలాంటి మనిషి 1964 టైటిల్ గెలిచిన వెంటనే, సారథిగానూ శిక్షకుడిగానూ డబ్బు తీసుకుని కార్ల్‌టన్‌కు వెళ్లిపోయారు. నగరం దిమ్మెరపోయింది. బరాసీ అంతటివాడే వెళ్లగలిగితే ఈ ఆట వృత్తి కాక మరేమిటన్న ఆలోచన అప్పుడే మామూలు ఆటగాడి బుర్రలో పడిందనుకుంటాను. 1970 నాటి ఆ ఫైనల్లో విరామ వేళ కార్ల్‌టన్ కుర్రాళ్లను ధైర్యంగా బంతి చేతితో అందించుకోమని తరిమిన శిక్షకుడు ఈయనే.

తర్వాత గొలుసు ఒక్కొక్క కొక్కెం ఊడింది. 1972లో పదేళ్లు ఒకే క్లబ్బుకు ఆడినవారు స్వేచ్ఛగా మారవచ్చని లీగ్ ఒక నియమం పెట్టింది. 1925లో లీగ్‌లో చేరినా ఒక్క టైటిలూ లేని నార్త్ మెల్‌బోర్న్ వెంటనే బ్యారీ డేవిస్, డగ్ వేడ్, జాన్ రాంటల్‌ను తెచ్చుకుంది. మిగతా క్లబ్బులు బెంబేలెత్తి మరుసటి ఏడాదే ఆ నియమాన్ని రద్దు చేయించాయి. కానీ నార్త్ మెల్‌బోర్న్ 1975లో, బరాసీ శిక్షణలో, డేవిస్ సారథ్యంలో తొలి టైటిల్ గెలిచింది. ఆటగాళ్ల సంఘం కూడా ఆ రోజుల్లోనే పుట్టింది. దాని తొలి అధ్యక్షుడు జెఫ్ ప్రయర్, 1970లో ఆడనని కూర్చున్న ఎసెండన్ ఐదుగురిలో ఒకరు.

చివరి కొక్కెం కోర్టులో ఊడింది. 1982లో సౌత్ మెల్‌బోర్న్ క్లబ్బు సిడ్నీకి తరలిపోయింది. సిల్వియో ఫోస్కీనీ అనే యువ ఆటగాడు ఇల్లూవాకిలీ వదిలి వెళ్లనన్నారు, సెయింట్ కిల్డాకు ఆడతానన్నారు. అనుమతి దొరకలేదు. విక్టోరియా సుప్రీంకోర్టుకు వెళ్లారు. లీగ్ నిబంధనలు మనిషి జీవనోపాధికి అడ్డుకట్ట వేస్తున్నాయని, చెల్లవని 1983లో తీర్పు వచ్చింది. పతకాలు గెలిచిన మహామహులెవరూ చేయలేని పని, పెద్దగా పేరులేని ఒక కుర్రవాడు చేశాడు. ఆ తర్వాతే జీతాల మొత్తంపై జట్టుకింత అన్న పరిమితి, 1986లో కొత్త ఆటగాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ పద్ధతి వచ్చాయి. 1990లో లీగ్ పేరు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ అయింది. కట్టుబాట్లు ఇప్పటికీ ఉన్నాయి, కాకపోతే వాటి గురించి మాట్లాడటానికి ఆటగాళ్ల తరఫున ఒకరు బల్ల దగ్గర కూర్చుంటారు.

ఇంతవరకు చెప్పినదంతా క్లబ్బు తలుపు లోపల ఉన్నవాళ్ల గోడు. తలుపే తెరుచుకోనివాళ్ల మాట వేరు. ముర్రే నది ఒడ్డున కమ్మెరగుంజా అనే ఆదివాసీ ఆవాసంలో 1906లో పుట్టిన డగ్ నికోల్స్ పొట్టివాడు, మెరుపులా పరుగెత్తేవాడు. 1927లో కార్ల్‌టన్‌కు ఆడదామని వస్తే ఒంటిరంగు కారణంగా అక్కడ నిలవనివ్వలేదు. అసోసియేషన్ జట్టు నార్త్‌కోట్‌లో ఐదేళ్లు ఆడారు. డబ్బు కోసం పరుగుపందేల్లో పాల్గొన్నారు, ఊరూరా తిరిగే డేరాలో బాక్సింగ్ చేశారు. 1932లో ఫిట్జ్‌రాయ్ తీసుకుంది. దుస్తులు మార్చుకునే గదిలో ఒంటరిగా ఒక మూల కూర్చున్న ఆయన పక్కకు వచ్చి కూర్చున్నది, అప్పటికే పతకం మెడలో ఉన్న హేడన్ బంటన్. 1935లో నికోల్స్ విక్టోరియా రాష్ట్ర జట్టుకు ఆడారు. ఆట ముగిశాక పాస్టర్ అయ్యారు, ఆదివాసుల హక్కుల కోసం దశాబ్దాలు పనిచేశారు. 1972లో సర్ బిరుదు, 1976లో దక్షిణ ఆస్ట్రేలియా గవర్నర్ పదవి వచ్చాయి. ఇప్పుడు లీగ్ ఏటా ఆదివాసీ ఆటగాళ్ల గౌరవార్థం జరిపే పోటీలకు ఆయన పేరే పెట్టింది.

అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైన విషయం శరీరాలది. జాన్ కోల్‌మన్ 1949లో ఎసెండన్ తరఫున అరంగేట్రంలోనే 12 గోల్స్ కొట్టారు, ఆ ఏడాది వంద. 1954 జూన్‌లో, 25 ఏళ్ల వయసులో, మోకాలు తిరిగిపోయింది. 98 మ్యాచ్‌లు, 537 గోల్స్ దగ్గర కథ ఆగింది. తర్వాత శిక్షకుడిగా రెండు టైటిళ్లు గెలిపించి, హోటల్ నడుపుకుంటూ, 44 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. అడిలైడ్‌ను వదిలి మెల్‌బోర్న్ రాకుండానే దేశం మెచ్చిన బ్యారీ రోబ్రన్‌ది కూడా మోకాలే, 1974లో. ఈ దెబ్బలు కళ్లకు కనిపించేవి.

కనిపించని దెబ్బ పాలీ ఫార్మర్‌ది. పెర్త్‌లో పుట్టి, ఆదివాసీ సంతతి పిల్లలను ఉంచే అనాథాశ్రమంలో పెరిగారు. ఒక కాలు రెండోదానికన్నా పొట్టి. అయినా గాల్లో బంతి అందుకుని, నేలకు దిగకముందే పిడికిలితో దూరంగా సహచరుడి ముందుకు పంపే విద్యను ఆయన సాధించినట్టు అంతకుముందు ఎవరూ సాధించలేదు. కార్ల కిటికీల్లోంచి బంతిని గుద్ది పంపుతూ గురి కుదుర్చుకున్నారని చెబుతారు. ఇలా పిడికిలితో బంతి అందించడాన్ని హ్యాండ్‌బాల్ అంటారు. అప్పటిదాకా గత్యంతరం లేనప్పుడు వాడే దాన్ని ఆయన దాడికి ఆయుధం చేశారు. ఈస్ట్ పెర్త్, జీలాంగ్, వెస్ట్ పెర్త్ జట్లకు 356 మ్యాచ్‌లు ఆడారు. ప్రతి మ్యాచ్‌లోనూ మైదానం మధ్యలో ఎదుటి జట్టు ఆజానుబాహువుతో గాల్లో ఢీకొనడమే ఆయన పని.

చివరి ఏళ్లలో జ్ఞాపకాలు చెదిరిపోయాయి. 2019 ఆగస్టులో, 84 ఏళ్ల వయసులో మరణించారు. ఆయన మెదడును పరీక్షించిన పరిశోధకులు, తలకు పదేపదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే సీటీఈ అనే మెదడు క్షీణత ఉందని 2020లో వెల్లడించారు. ఈ ఆట ఆడినవారిలో అలా నిర్ధారణ అయిన తొలి వ్యక్తి ఆయనే. ఆ తర్వాత మరికొన్ని పేర్లు చేరాయి. 2023లో మాజీ ఆటగాళ్లు తలకు తగిలిన దెబ్బలకు పరిహారం కోరుతూ విక్టోరియా సుప్రీంకోర్టులో సామూహిక దావా వేశారు. ఆ దావా 1985 నుంచి 2023 మార్చి వరకు లీగ్‌లో ఆడినవారి కోసం. ఫార్మర్ చివరి మ్యాచ్ ఆడింది 1971లో.